పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఎలా చూడాలి, వెళ్ళే ముందు ఏం తెలుసుకోవాలి

ముందు ఒక్క విషయం చెప్పేస్తా, శుక్రవారం మాత్రం వెళ్ళకండి. నిజాం మ్యూజియానికి శుక్రవారం సెలవు, దగ్గర్లో ఉన్న సాలార్‌జంగ్‌కీ శుక్రవారమే సెలవు, చౌమహల్లా ప్యాలెస్ కూడా అంతే, ఇక ఊరి నుంచి ఒక్క రోజు కోసం వచ్చినవాళ్ళు చార్మినార్ చూసుకుని బస్సెక్కాల్సిందే. మిగతా రోజుల్లో పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా తెరిచి ఉంటుంది. పండగలప్పుడు మారొచ్చు కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకోటి, మొహర్రం పదో రోజు బీబీ కా అలం అనే పీరు ఊరేగింపు దబీర్‌పురా నుంచి మొదలై చార్మినార్, మీరాలం మండీ, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది, ఆ రోజు ఆ రోడ్లల్లో బండి కదలదు. ఊరేగింపు చూద్దామనుకుంటే వెళ్ళండి, మ్యూజియం కోసమైతే వేరే రోజు పెట్టుకోండి.

నేను ఈ మ్యూజియానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆఫీసు ఫ్రెండ్స్‌తో వెళ్తే ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోయింది, బంగారం చూశాం, వెండి చూశాం, బీరువా చూశాం, బయటికొచ్చాం, రాత్రికి ఏం చూశానో గుర్తు చేసుకుంటే నాలుగు వస్తువులు కూడా రాలేదు. రెండోసారి మా నాన్నని తీసుకెళ్ళా, రెండు గంటలు పట్టింది, వచ్చాక నెల రోజులు ఇంట్లో అదే మాట. వస్తువులన్నీ అవే, మేం చూసిన పద్ధతి మారింది. ఆ పద్ధతేంటో చెప్దామనే ఇది రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు ఒక అపోహ పోవాలి. "నిజాం నగలు" అని పేపర్లలో వచ్చే జాకబ్ వజ్రం, ఏడు పేటల ముత్యాల హారం, పచ్చలు ఇవేవీ ఇక్కడ ఉండవు. ఆ 173 నగల్ని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొనేసింది, అవి రిజర్వ్ బ్యాంక్ వాల్ట్‌లో ఉంటాయి, ఎప్పుడో కొన్నేళ్ళకోసారి ఎగ్జిబిషన్ పెడతారు. 184 క్యారెట్ల పైచిలుకు ఉన్న ఆ జాకబ్ వజ్రాన్ని ఏడో నిజాం పేపర్‌వెయిట్‌గా వాడాడన్న కథ అందరికీ తెలిసిందే కదా, దాని కోసం వెళ్తే మాత్రం నిరాశే. మనవాళ్ళు చాలామంది ఆ ఆశతో వచ్చి "ఇంతేనా" అనుకుంటూ పోతారు, నాకు అదే బాధ. ఎందుకంటే ఇక్కడున్నది వేరే రకం సంపద.

మరి ఇక్కడ ఏముంటుందంటే, ఒక పండగకి వచ్చిన కానుకలు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. 1936కి పాతికేళ్ళు నిండాయి, సిల్వర్ జూబ్లీ చెయ్యాలి, కానీ ఆ ఏడు జనవరిలో ఇంగ్లండ్ రాజు ఐదో జార్జి చనిపోవడంతో వాయిదా పడి 1937 ఫిబ్రవరిలో చేశారు. నిజాం అంటే బ్రిటిష్ వాళ్ళకి "నమ్మకమైన మిత్రుడు" అన్న బిరుదున్న రాజు, వాళ్ళ రాజు పోతే ఈయన పండగ ఆగాల్సిందే. ఆ నెలలోనే టైమ్ మ్యాగజైన్ ఆయన్ని ప్రపంచంలోకెల్లా ధనవంతుడని కవర్ మీద వేసింది. ఆ జూబ్లీకి సంస్థానాల రాజులు, జాగీర్దార్లు, "పైగా" అనే పెద్ద వంశపు నవాబులు, సంఘాలు, సంస్థలు తెచ్చి సమర్పించుకున్న వస్తువులే ఈ మ్యూజియంలో ఎక్కువ భాగం. నిజాం జూబ్లీ పెవిలియన్ ట్రస్టు వాళ్ళు 2000 సంవత్సరం ఫిబ్రవరిలో దీన్ని జనానికి తెరిచారు.

అంటే ఇది పెళ్ళికొచ్చిన బహుమతుల గది లాంటిది అనుకోండి. మన ఇళ్ళల్లో పెళ్ళయ్యాక రాత్రి కూర్చుని చదివింపుల పుస్తకం ముందేసుకుని ఎవరు ఎంత రాశారు, ఎవరు ఏం పెట్టారు అని చూస్తాం కదా, ఆ వస్తువు విలువ కంటే ఇచ్చినవాళ్ళకీ మనకీ మధ్య ఉన్న లెక్క ముఖ్యం. ఈ మ్యూజియాన్ని చూడాల్సిన పద్ధతి సరిగ్గా అదే. షోకేస్ దగ్గరికి వెళ్ళగానే వస్తువు మీద కళ్ళు పడతాయి, పడనివ్వండి, కానీ అక్కడే ఆగిపోకుండా పక్కనో కిందో ఉన్న చీటీ చదవండి, ఎవరిచ్చారో పేరు ఉంటే ఆ పేరు పట్టుకోండి. చీటీ లేని చోట అక్కడ పనిచేసేవాళ్ళని అడగండి, అడిగితే చెప్తారు, చాలామంది అడగరంతే.

నాకు ఇది ఎలా తెలిసిందంటే మా నాన్న వల్ల. ఆయన పాల్వంచ కేటీపీఎస్‌లో, అంటే అక్కడి థర్మల్ కరెంటు కేంద్రంలో, ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు, నేను పుట్టి పెరిగింది కూడా అక్కడి క్వార్టర్స్‌లోనే. లోపల వజ్రాలూ బంగారం పొదిగిన వెండి కాఫీ కప్పులు ఉంటాయి, మొదటిసారి నేను వాటిని చూసి "బాగున్నాయి" అనుకుని ముందుకెళ్ళిపోయా. నాన్న అక్కడే నిలబడిపోయారు. "అమ్మాయ్, ఇటు రా, ఇది చదువు" అన్నారు. పాల్వంచ రాజావారు సమర్పించినవట అవి. మా పాల్వంచ! మేం రోజూ బస్సెక్కిన పాల్వంచ, భద్రాచలం రామదాసు తహసీల్దారీ చేసిన పాల్వంచ పరగణా. "ఈ కప్పులకి పెట్టిన డబ్బు ఎక్కడిదనుకున్నావు, మనూరి శిస్తే కదా ఇది" అని నాన్న నెమ్మదిగా అన్నారు, కోపంగా కాదు, ఏదో పోగొట్టుకున్న వస్తువు కనపడినట్టు. ఆ తర్వాత ఆ హాల్లో నాకు ప్రతి వస్తువు వెనకా ఒక ఊరు కనిపించడం మొదలైంది.

అందుకే ఇంటి దగ్గర ఒక పదిహేను నిమిషాలు కూర్చుని మీ ఊరు నిజాం కాలంలో ఎవరి కింద ఉండేదో పెద్దవాళ్ళని అడిగి వెళ్ళండి. గద్వాల సంస్థానమా, వనపర్తా, ఏదైనా జాగీరా, పైగా వాళ్ళ ఇలాకానా, లేక నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ భూములా. ఆంధ్ర వాళ్ళు మాకు సంబంధం లేదులే అనుకోకండి, సర్కారు జిల్లాలు 1766లో, సీడెడ్ జిల్లాలు అంటే మన రాయలసీమ 1800లో ఇంగ్లీషు వాళ్ళ చేతికి వెళ్ళాయి, అంతకుముందు అవీ నిజాం కిందే. మీ ఊరి పేరు లోపల కనపడకపోవచ్చు, కానీ ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని వెళ్తే చూపు వేరేగా ఉంటుంది.

ఇక ఎలా వెళ్ళాలంటే, మెట్రోలో అయితే రెడ్ లైన్ ఎక్కినా గ్రీన్ లైన్ ఎక్కినా ఎంజీబీఎస్ దగ్గర దిగండి, అక్కడి నుంచి ఆటో. ఆటో అతనికి "నిజాం మ్యూజియం" అంటే ఒక్కోసారి సాలార్‌జంగ్ దగ్గర దింపేస్తారు, మాకు అలాగే అయింది, కాబట్టి "పురానీ హవేలీ, దుర్రుషెహ్వార్ హాస్పిటల్ దగ్గర" అని చెప్పండి, ఆ పిల్లల ఆస్పత్రి అందరికీ తెలుసు. సొంత కారు తీసుకెళ్ళకపోవడమే మంచిది, రోడ్లు ఇరుకు, పార్కింగ్ కోసం తిరగడంలోనే ఓపిక అయిపోతుంది. పొద్దున పదింటికల్లా చేరేలా చూసుకోండి, పదకొండు దాటితే మీరాలం మండీ వైపు రద్దీ పెరుగుతుంది.

లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆ భవనం గురించి. రెండో నిజాం కాలంలో ఇది ఆసఫ్‌జాహీల చేతికొచ్చింది, ఆయన కొడుకు సికందర్ జా, అంటే మూడో నిజాం, కొన్నాళ్ళు ఇక్కడ ఉండి తర్వాత ఖిల్వత్‌కి, అంటే ఇప్పటి చౌమహల్లాకి మారాడు, దాంతో ఇది "పాత హవేలీ" అయింది, ఆ పేరే ఉండిపోయింది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఇక్కడే ఉన్నాడు, ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పుట్టింది కూడా ఇక్కడే. అంటే ఆయన పుట్టిన ఇంట్లోనే ఆయన జూబ్లీ కానుకలు పెట్టారన్నమాట, ఇది నాకు చాలా నచ్చింది.

లోపల చూసేటప్పుడు రెండు చుట్లు తిరగండి. మొదటి చుట్టు ఊరికే, ఎక్కడా ఆగకుండా, పిల్లలు లాక్కెళ్ళిన చోటికల్లా వెళ్తూ. పెద్ద మ్యూజియం కాదు, మొదటి చుట్టుకి పావుగంట చాలు. రెండో చుట్టులో మాత్రం ఆగాలి. ఆగాల్సిన చోట్లు నేను చెప్తా, వరుస మీ ఇష్టం.

మొదటిది సింహాసనం. బంగారు పూత పూసిన చెక్క సింహాసనం, జూబ్లీ రోజు నిజాం కూర్చున్నది. జనం దీని ముందు నిలబడి "మొత్తం బంగారమేనా" అని అడుగుతుంటారు, కాదు, లోపల చెక్క. దీన్ని చూసేటప్పుడు ఆ దర్బారు పద్ధతి తెలిసి ఉంటే బాగుంటుంది. నిజాం ముందుకి వచ్చినవాడు ఉత్త చేతుల్తో రాకూడదు, రుమాలు మీద అష్రఫీ అంటే బంగారు నాణెం, దాంతో పాటు కొన్ని వెండి రూపాయలు పెట్టి రెండు చేతుల్తో వంగి చాపాలి, దీన్ని నజర్ అంటారు, నజరానా అని మనం వాడే మాట అదే. రాజు చేత్తో తాకి తిరిగి ఇచ్చేయడం కూడా పాతకాలంలో ఉండేదట, ఏడో నిజాం మాత్రం తీసి ఉంచుకునేవాడని ఆ కాలం గురించి రాసినవాళ్ళు చెప్తారు. ఈ సంగతి బుర్రలో పెట్టుకుని ఆ హాలంతా చూడండి, అక్కడున్న ప్రతి వస్తువూ ఒక పెద్ద నజర్. ఇష్టంతో ఇచ్చినవాళ్ళు ఉన్నారు, ఇవ్వకపోతే జాగీరు ఉంటుందో ఊడుతుందో అని ఇచ్చినవాళ్ళూ ఉండే ఉంటారు, రెండూ ఒకే షోకేస్‌లో పక్కపక్కన మెరుస్తుంటాయి, చూస్తే ఏది ఏదో తెలియదు.

రెండోది పెట్టెలు. వెండివి, రాళ్ళు పొదిగినవి, చాలా ఉంటాయి, అందరూ నగల పెట్టెలనుకుని దాటిపోతారు. సన్మానపత్రం అప్పట్లో ఫ్రేము కట్టి ఇచ్చేవాళ్ళు కాదు, చుట్ట చుట్టి ఇలాంటి పెట్టెలో పెట్టి సమర్పించేవాళ్ళు, అంటే ఆ పెట్టె ఒక కవరు లాంటిది, అసలు సంగతి లోపలి కాగితంలో ఉంటుంది. పొగడ్తలతో పాటు వినయంగా తమ సంస్థ ఏం చేస్తోందో, ఏం కావాలనుకుంటోందో కూడా అలాంటి పత్రాల్లో రాసేవాళ్ళు. పెట్టె దగ్గర ఆగి ఏ సంస్థ ఇచ్చిందో చూడండి, 1937లో హైదరాబాద్‌లో ఎలాంటి సంఘాలుండేవో మీకే ఒక లిస్టు తయారవుతుంది.

అత్తరు దానులు ఉన్నాయి, రాళ్ళు పొదిగిన దంతపు పెట్టెలో వెండి అత్తరు సీసాలు, వాటి మూతల పనితనం దగ్గర్నుంచి చూడండి. దర్బారులో అత్తరు, పాన్ ఇచ్చారంటే ఇక మీరు వెళ్ళొచ్చు అని మర్యాదగా చెప్పడం. వజ్రాలు పొదిగిన బాకులు, ముత్యపు చిప్ప అతికిన రాత పెట్టె, ఇవన్నీ అందంగానే ఉంటాయి కానీ నేను వీటి దగ్గర ఎక్కువ ఆగలేదు.

ఏనుగు దగ్గర మాత్రం కచ్చితంగా ఆగండి. వెండి తీగపనితో చేసిన ఏనుగు, పైన మావటి. తీగపని అంటే వెండిని జుట్టంత సన్నగా లాగి, రెండు పోగులు మెలేసి, చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, వాటిని ఒక ఫ్రేములో అమర్చి అతికించడం. మన కరీంనగర్ వాళ్ళది ఇందులో పేరున్న చెయ్యి, 2007లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మీ ఇంట్లో ఎవరికైనా పెళ్ళిలో కరీంనగర్ వెండి పళ్ళెమో కుంకుమ భరిణో వచ్చి ఉంటే ముందు రోజు దాన్ని చేతిలో పట్టుకుని బాగా చూసి మ్యూజియానికి వెళ్ళండి, అప్పుడు ఆ ఏనుగు ఎంత ఓపికతో చేశారో అర్థమవుతుంది. మామూలుగా వెండి బొమ్మ అంటే పోత పోస్తారు, ఇది ఒక్కో తీగా పేర్చింది.

బంగారు టిఫిన్ బాక్సు గురించి చెప్పక్కర్లేదు, అందరూ దాని కోసమే అడుగుతారు. 2018 సెప్టెంబర్‌లో ఇద్దరు దొంగలు రాత్రి పూట వెంటిలేటర్ లోంచి తాడుతో దిగి ఆ టిఫిన్ బాక్సు, బంగారు కప్పు, సాసర్, స్పూన్ ఎత్తుకుపోయారు, పది రోజుల్లోపే పోలీసులు పట్టుకుని వస్తువులు వెనక్కి తెచ్చారు, దొంగల్లో ఒకడు ఆ డబ్బాలోనే అన్నం తిన్నాడని పోలీసులే చెప్పారు. ఈ కథ పిల్లలకి చెప్తే కళ్ళార్పకుండా వింటారు. నాకు మాత్రం ఆ డబ్బా దగ్గర తోచింది వేరే, నిజాం దాంట్లో తిన్న దాఖలా నేనెక్కడా చదవలేదు, ఆయన సాదాసీదాగా బతికాడని, పాత టోపీ ఏళ్ళ తరబడి పెట్టుకున్నాడని అందరూ రాశారు. అంటే ఇచ్చినవాళ్ళ గొప్ప కోసం చేసిన వస్తువు అది.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సినవి వెండి భవనాలు. నగరంలోని పెద్ద పెద్ద భవనాల్ని వెండితో చిన్న నమూనాలుగా చేసి ఇచ్చారు, జూబ్లీ పెవిలియన్ నమూనా అయితే బంగారంతోనే. పాతికేళ్ళలో నువ్వు కట్టించినవి ఇవీ అని రాజుకే చూపించడం అన్నమాట. 1908లో మూసీ వరద ఊరిని తుడిచిపెట్టాక ఆయన హయాంలో 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్, 1920లో హైకోర్టు, 1925లో ఉస్మానియా ఆస్పత్రి, 1918లో యూనివర్సిటీ, 1931కి నిజాం సాగర్ ఇలా వరసగా వచ్చాయి. 1937లో జూబ్లీకి వేసిన తపాలా బిళ్ళల మీద కూడా రాజు బొమ్మ వెయ్యలేదు, యునానీ ఆస్పత్రి, ఉస్మానియా ఆస్పత్రి, యూనివర్సిటీ, జూబ్లీ హాలు వేశారు. అందుకని మ్యూజియం నుంచి వెళ్ళేటప్పుడు నయాపూల్ మీద ఆటో ఆపించి దిగండి, ఒక ఒడ్డున హైకోర్టు, ఇంకో ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఒక్కచోట నిలబడి రెండూ చూడొచ్చు. వెండివి చూసొచ్చిన కళ్ళతో చూస్తే ఆ ఆస్పత్రి పాత భవనం గుమ్మటం ఇప్పుడున్న స్థితికి కడుపు తరుక్కుపోతుంది, పూచికపుల్లంత నమూనాని అద్దాల పెట్టెలో తాళమేసి కాపాడుకున్నాం, అసలుదాన్ని వానకి వదిలేశాం.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే తప్పవుతుంది. ఆస్పత్రులు కట్టిన రాజ్యంలోనే జాగీరుల్లో వెట్టి నడిచింది, నాగు అనే ధాన్యం అప్పుల వడ్డీ లెక్కలు నడిచాయి, రాజ్యంలో దాదాపు మూడో వంతు భూమి జాగీర్ల కింద ఉండేది, పదేళ్ళు తిరక్కుండానే తెలంగాణ సాయుధ పోరాటం మొదలైంది, 1948 సెప్టెంబర్‌లో రాజ్యమే పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మా నాయనమ్మ వాళ్ళ కుటుంబంలోనే వెట్టి చేసినవాళ్ళున్నారు. అందుకని నేను ఆ హాల్లో పొగడనూ లేను, తిట్టనూ లేను, ఆస్పత్రీ నిజమే వెట్టీ నిజమే. మీ పిల్లలతో వెళ్తే రెండూ చెప్పండి, ఒకటే చెప్పి ఊరుకోకండి.

చివర్లో బీరువా. నిజానికి అది బీరువా కాదు, వీధి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల కోసం బర్మా టేకుతో కట్టించిన వార్డ్‌రోబ్, పొడవు దాదాపు 240 అడుగులంటారు, రెండు అంతస్తులు, ఒక హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు వైపులా వందకి పైగా అల్మారాలు. ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. పై అంతస్తుకి సామాను ఎక్కించడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది, చాలామంది దాన్ని గమనించకుండా పోతారు, అడిగి మరీ చూడండి. తండ్రికి ఇన్ని బట్టలు, కొడుకేమో పాత టోపీతో గడిపినవాడు, తండ్రీకొడుకుల తేడా అంతా ఆ హాల్లో నడుస్తూ అర్థమవుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఈ హాలు ముందే చూపించేయండి, చివర్లో అంత దూరం నడవలేరు.

తారీఖులు చదవడం కూడా నేర్చుకుని వెళ్ళండి, ఇది చాలా పనికొస్తుంది, ఎందుకంటే వస్తువుల మీద రాతలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ రాకపోయినా అంకెలు పట్టుకోవచ్చు, అక్షరాలు కుడి నుంచి ఎడమకి రాసినా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి. నిలువు గీత అంటే ఒకటి, చుక్క అంటే సున్నా, పైన మూడు పళ్ళున్న కర్ర మూడు, తలకిందులు చేసిన గుండె ఆకారం ఐదు, ఇంగ్లీషు వీ అక్షరంలా ఉంటే ఏడు, అదే తిరగేస్తే ఎనిమిది, తొమ్మిది మాత్రం మనకి తెలిసిన తొమ్మిదే. సంవత్సరం కనపడితే అది రెండు రకాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. హిజ్రీ, అంటే ముస్లిం కేలెండర్ సంవత్సరం అయితే ఆ సంఖ్యని 0.97తో గుణించి 622 కలపండి, అటూఇటూ ఒక ఏడాది తేడాతో ఇంగ్లీషు సంవత్సరం వచ్చేస్తుంది, జూబ్లీ హిజ్రీ 1355లో జరిగింది, లెక్కేసి చూడండి. ఫసలీ అయితే ఇంకా తేలిక, 590 కలిపితే చాలు, ఆ ఫసలీ ఏడాది రెండో భాగమైతే 591. ఫసలీ అంటే పంటల లెక్క సంవత్సరం, మన పాత పహాణీల్లో, ఖాస్రా కాగితాల్లో ఉండేది అదే, పట్వారీ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

పిల్లల్ని తీసుకెళ్తే ప్రతి వస్తువూ చూపించాలని లాక్కుపోకండి. నాలుగు పనులు అప్పజెప్పండి చాలు, మావటి ఎక్కడున్నాడో వెతకమనండి, లిఫ్టు తిప్పే చోటు కనుక్కోమనండి, ఒక వస్తువు మీద ఏడు అంకె వెతకమనండి, తమకి అన్నిటికన్నా నచ్చిన కానుక ఎవరిచ్చారో పేరు గుర్తు పెట్టుకుని రమ్మనండి. ఫోటోలు తియ్యొచ్చా లేదా టికెట్ కౌంటర్ దగ్గరే అడిగేయండి, కుదరకపోతే చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, దాతల పేర్లు రాసుకోవడానికి ఎలాగూ కావాలి.

పన్నెండున్నరకి బయటపడితే అక్కడి నుంచి చౌమహల్లాకి ఆటోలో వెళ్ళిపోవచ్చు, మధ్యలో మదీనా దగ్గర షాదాబ్‌లో భోజనమో, చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్టో. ఆ బిస్కెట్ పేరు కూడా ఏడో నిజాం ఉస్మాన్ పేరే. చౌమహల్లాకి మాత్రం కనీసం రెండు గంటలుంచుకోండి. అక్కడ ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలు, బెల్జియం షాండ్లియర్లు, వాటి కింద తఖ్త్-ఎ-నిషాన్ అనే పాలరాతి గద్దె, నిజాములకి పట్టాభిషేకాలు జరిగిన చోటది. పురానీ హవేలీలో మీరు చూసిన కానుకలు ఎలాంటి దర్బారులో చేతులు మారాయో ఊహించుకోవడానికి ఈ హాలు కావాలి, అందుకే ముందు హవేలీ, తర్వాత చౌమహల్లా అనే వరుసే పెట్టుకోండి. ముందు చౌమహల్లా చూసేస్తే ఆ వైభవం కళ్ళల్లో నిండిపోయి హవేలీ చిన్నగా అనిపిస్తుంది. పసుపు రంగు రోల్స్ రాయిస్ కూడా అక్కడే ఉంటుంది, కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఆ షెడ్డు వదిలి రారు. అసలు జూబ్లీ జరిగిన జూబ్లీ హాలు మాత్రం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంది, అది ప్రభుత్వం వాడుకునే భవనం, లోపలికి మామూలుగా వదలరు, బయటి నుంచి చూడ్డానికి ఇంకో రోజు అసెంబ్లీ మెట్రో స్టేషన్లో దిగి వెళ్ళండి.

ఇంటికొచ్చాక మీ పెద్దవాళ్ళ దగ్గర నిజాం రూపాయి ఏమైనా ఉందేమో అడగండి, ఉస్మానియా సిక్కా అంటే వాళ్ళకి తెలుస్తుంది, చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ దేవుడి దగ్గరో బియ్యం డబ్బాలోనో ఒకటి ఉంటుంది. ఒక వైపు చార్మినార్ ఉంటుంది, దాని గుమ్మం మధ్యలో ఒక చిన్న అక్షరం, అది ఐన్, ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. అదే గుమ్మంలో మీమ్ ఉంటే అది మహబూబ్ కాలం నాణెం. మా నాన్న మ్యూజియం నుంచి వచ్చిన రాత్రే నాయనమ్మ పెట్టె దించారు, గుడ్డలో చుట్టి ఒకే ఒక్క రూపాయి ఉంది, భూతద్దం పెట్టి చూస్తే నిలువు గీత, రెండు మూళ్ళు, ఒక వీ. 1337. లెక్కేస్తే 1918 చివరో 1919నో. నాయనమ్మ వాళ్ళ నాన్నకి అది కూలిగా వచ్చిందో, శిస్తు కట్టాక మిగిలిందో చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, నాన్న మాత్రం ఒక చిన్న కాగితం మీద ఆ సంవత్సరం, ఆయన పేరు, ఊరి పేరు రాసి మళ్ళీ అదే గుడ్డలో చుట్టి పెట్టారు.